పడకగదిలో బ్యారన్ గొట్టాలు

నవంబరు 14, 2000

ఎరువుల కొట్టువాడు ఏటా ఇచ్చే డైరీ ఇది. ఇందులో నేను రాసేదంతా పొగాకు ఆకును వేడికి మగ్గబెట్టే మా బ్యారన్ కొట్టం సంగతులే. ఆకు ఏ రోజు ఎక్కించాం, ఏ పూట ఎంత వేడి పెట్టాం, ఏ రంగులో దిగింది. మార్చిలో ఆఖరి ఆకు దించిన తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. ఈ ఏడు పొగాకు వెయ్యొద్దని బోర్డు వాళ్ళు చెప్పేశారు. ఊరంతా శనగ వేసింది. నా బ్యారన్‌కు తాళం పడింది. ఇక రాయడానికి ఏమీ ఉండదనుకున్నాను.

నిన్న గుంటూరు నుంచి వచ్చాం. మా ఆవిడ కోటేశ్వరికి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. మిషన్ మీద రక్తం శుభ్రం చేయడం మొదలుపెట్టారు గానీ, గుండె తట్టుకోవడం లేదని ఆపేశారు. డాక్టరు చిన్నవాడు, నెమ్మదస్తుడు. నన్ను పక్క గదిలోకి పిలిచి కుర్చీ వేయించాడు. కుర్చీ వేయించినప్పుడే నాకు సంగతి తెలిసిపోయింది.

"ఇంటికి తీసుకెళ్ళండి బుల్లయ్యగారూ. ఆవిడకు ఏది ఇష్టమైతే అది చేయండి. దగ్గర ఉండండి. ఒంట్లో రక్తం లేదు కాబట్టి చలి పుడుతుంది, వెచ్చగా చూసుకోండి" అన్నాడు.

బస్సులో వస్తున్నంతసేపూ ఆ ఒక్క మాటే పట్టుకున్నాను. వెచ్చగా చూసుకోవాలి. మీసం రాని వయసు నుంచీ బ్యారన్ కాలుస్తున్నవాణ్ణి. వేడి సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

నవంబరు 16

చలి అంటోంది.

నవంబరు 19

ఇవాళ కూడా చలి అంటోంది. రెండు రగ్గులు కప్పాను. ఉప్పు వేయించి మూటగట్టి పాదాల కింద పెట్టాను. కాసేపు బాగుందంటుంది, మళ్ళీ పళ్ళు కొట్టుకుంటాయి. ఒంగోలు పోయి కరెంటు హీటరు తెచ్చాను. సాయంత్రం అయ్యేసరికి మా ఊళ్ళో కరెంటు దీపానికే చాలదు. హీటరు తీగ ఎర్రబడనే లేదు. దాన్ని తీసి అటక మీదికి విసిరేశాను.

"ఎందుకయ్యా అంత కోపం? అదేం చేసింది నిన్ను?" అంది. నవ్వింది కూడా.

నవంబరు 22

గదిలో కుంపటి పెట్టి తలుపులు బిగించాను. వెచ్చగానే అయింది గానీ కోటేశ్వరికి దగ్గు పట్టుకుంది, తల తిరుగుతోందంది. ఇంతలో నసీమున్నీసా వచ్చింది. పక్కింటి ఖాజావలి భార్య. ప్రతి సీజన్లోనూ ఆమే కోటేశ్వరీ ఎదురెదురుగా కూర్చుని, బ్యారన్‌లో వేలాడదీసే కర్రలకు ఆకు కట్టేవాళ్ళు. వస్తూనే తలుపులు బార్లా తీసి, కుంపటి పట్టుకుపోయి పెరట్లో బోర్లించేసింది.

"మూసిన గదిలో బొగ్గులు పెడతారా అన్నా? మనిషిని ఏం చేద్దామని?"

మా ఇంట్లో నీ పెత్తనం ఏందని అరిచాను. ఆమె పట్టించుకోలేదు. కోటేశ్వరి వీపు రాస్తూ కూర్చుంది. తర్వాత ఆలోచిస్తే ఆమె చేసిందే సబబు. ఆ మాట ఆమెతో అనలేదు.

నవంబరు 23

తెల్లారి పళ్ళు తోముకుంటూ బ్యారన్ వైపు చూస్తే తట్టింది. ఇన్నేళ్ళ నుంచీ కళ్ళెదురుగా ఉన్నదే.

బ్యారన్‌లో పొగ ఆకుకు తగలనిస్తామా? తగిలితే వాసన పడుతుంది, వేలంలో గ్రేడు పోతుంది. అందుకే మంట బయట ఉంటుంది. పొయ్యి గోడ అవతల, ఇనప రేకు గొట్టాలు గోడ లోపల. పొగ గొట్టంలో చుట్టంతా తిరిగి చిమ్నీలోంచి పైకి పోతుంది. వేడి మాత్రం లోపల నిలుస్తుంది. ఆకుకు చేసిన మర్యాద మనిషికి చేయలేనా?

మధ్యాహ్నం బ్యారన్ తాళం తీశాను. గొట్టాలు తుప్పు పట్టలేదు. లోపల ఇంకా పాత ఆకు వాసనే ఉంది.

నవంబరు 25

ఖాజావలి రేకుల పని చేస్తాడు. ఊళ్ళో బ్యారన్ గొట్టాలన్నీ అతను అతికినవే. చెప్పగానే బీడీ ఆర్పేసి నా మొహం చూశాడు.

"బ్యారన్ గొట్టాలు పడకగదిలో పెట్టుకున్నోణ్ణి నేనింతవరకూ చూళ్ళా బుల్లయ్యన్నా."

"ఇప్పుడు చూస్తావు."

"వదినకి చెప్పావా?"

చెప్పేదేముంది. లోపల పడుకున్న కోటేశ్వరికి అంతా వినపడింది.

"నన్ను కర్రకి కట్టి వేలాడదీస్తాడంట ఖాజావలీ. రంగు తిరిగాక బేలు కట్టి వేలానికి తోల్తాడు. ఏ గ్రేడు పడిద్దో కనుక్కో" అంది. ఖాజావలి నవ్వలేక నవ్వలేక నవ్వాడు. నేనూ నవ్వాను. మా ఇంట్లో ఇద్దరం నవ్వి చాలా రోజులైంది.

నవంబరు 29

పని సగమైంది. పెరటి వైపు గోడకు, కిటికీ కింద కంత కొట్టాం. బయట ఇటుకలతో పొయ్యి కట్టాం. గొట్టం కంతలోంచి లోపలికి వచ్చి, కోటేశ్వరి మంచం పక్కగా నడిచి, గది చుట్టి, అవతలి గోడలోంచి బయటికి పోతుంది. చీమకుర్తి పోయి, క్వారీల దగ్గర పారేసిన గ్రానైటు ముక్కలు ట్రాక్టరుకు వేయించుకొచ్చాను. వాటిని గొట్టం వెంట పేర్చాను. మంట తగ్గినా రాయి ఒక పట్టాన చల్లబడదు. ఈ ఉపాయం బ్యారన్‌కు ఇన్నేళ్ళూ ఎందుకు తోచలేదో.

మాది పెంకుటిల్లు. వేడి పైకెక్కి పెంకుల సందుల్లోంచి ఎగిరిపోతుంది. బేళ్ళు చుట్టే గోనెపట్టాలు మిగిలి ఉంటే వాటిని కలిపి కుట్టించి, వాసాలకు అడ్డంగా బిగించాను. ఎంత కర్ర కాల్చామన్నది కాదు, ఎంత వేడి పోనివ్వకుండా పట్టామన్నది లెక్క. కాల్చడం ఎవడైనా కాలుస్తాడు.

డిసెంబరు 1

కిటికీ ఒక్కటే మిగిలింది. పాత రెక్కలు, వంకర తిరిగాయి. చెయ్యి పెడితే గాలి ఈడ్చి కొడుతోంది. రెక్కలు మూసి లోపలి వైపు ఇటుకలు పేర్చి మట్టి మెత్తాను. ఇప్పుడు ఊపిరంత గాలి కూడా దూరదు. మరీ ఉక్కపోయకుండా, బ్యారన్‌కు పెట్టినట్టే గోడ అడుగున ఒక చిన్న కంత, గోనె కప్పుకు ఒక చీలిక ఉంచాను.

మట్టి మెత్తుతుంటే కోటేశ్వరి చూస్తూ పడుకుంది. పూర్తయ్యాక అంది, "చీకటైపోయింది."

లైటు వేశాను.

డిసెంబరు 2

ఇవాళ పొయ్యి రాజేశాం. చిల్లకర్ర వేశాను. పత్తికట్టె భగ్గున లేచి ఆరిపోతుంది, చిల్లకర్ర నిదానంగా కాలుతుంది. ఖాజావలి లోపల నిలబడి గొట్టం అతుకుల దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. పొగ ఇసుమంత కూడా లేదు.

రాళ్ళు మెల్లగా వేడెక్కాయి. కోటేశ్వరి మొదట ఒక రగ్గు తీసేసింది. తర్వాత రెండోదీ తీసింది. నుదుటి మీద సన్నగా చెమట పట్టింది. నేను వేలితో తుడిచి ఆ వేలు ఖాజావలికి చూపించాను.

"వెచ్చగా ఉందయ్యా" అంది. "చాన్నాళ్ళయింది ఇట్టా ఉండి."

పెరట్లోకి పోయి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. పొగ వల్ల అన్నాను ఖాజావలితో. పొగ చిమ్నీలోంచి పోతోందని అతనికి తెలుసు.

డిసెంబరు 4

ఊళ్ళో వాళ్ళు వచ్చి చూసిపోతున్నారు. తలుపు తీసిపెట్టి మాట్లాడుతున్నారు. ఇక ఎవరినీ రానివ్వను.

డిసెంబరు 7

పొయ్యి ముందు వేపమొద్దు ఒకటి వేసుకున్నాను, కూర్చోవడానికి. మంట ఎప్పుడూ ఒకే తీరున ఉండాలి. ఎక్కువైతే ఆకు మాడుతుంది, తగ్గితే నల్లబడుతుంది. ఆకు అని రాశాను. గది అనాలి.

అన్నం పెట్టడానికి లోపలికి పోతే అడిగింది, "పొద్దుటి నుంచీ యాడున్నావు?"

"ఇక్కడేగా, గోడవతల."

"కనపడవు."

"మాట వినపడుతోందిగా."

"ఏదో గొణుగుతున్నట్టు వినపడుద్ది. నువ్వో, దారినపోయేవాళ్ళో తెలవదు" అంది.

ఇదివరకు ఆ కిటికీలోంచి బ్యారన్ కనపడేది. సీజన్లో నేను అక్కడుంటే అన్నం తినమని ఆ కిటికీలోంచే కేకేసేది. వీధి వీధంతా వినపడేది. ఇప్పుడు ఆ గొంతు లేదు. కిటికీ ఉన్నా కేకేసేది లేదు.

డిసెంబరు 12

కనిగిరి నుంచి బామ్మర్ది యలమందయ్య వచ్చాడు, అక్కను చూడటానికి. గదిలో అడుగుపెట్టగానే చొక్కా గుండీలు విప్పుకున్నాడు. తలుపు తెరిచి గడప మీద కూర్చున్నాడు. వెయ్యమన్నాను.

"ఏంది బావా ఇది? ఇది ఇల్లా, బ్యారనా?"

"తలుపు వెయ్యరా ముందు."

"పెరట్లో ఎండ కాస్తంది. మంచం తీసుకుపోయి కాసేపు ఎండలో వేద్దాం. అక్క నాలుగు మొహాలు చూస్తది."

రంగు తిరిగే రోజుల్లో బ్యారన్ తలుపు తీస్తే ఆకంతా పాడవుతుంది. ఆ ముక్క తెలియని వాడు కాదు. వాడూ పొగాకు రైతే. నేనే కసిరాను. "డాక్టరు వెచ్చగా ఉంచమన్నాడు. నీకు తెలిస్తే నువ్వు ఆస్పత్రి పెట్టుకో" అన్నాను. వాడు లేచి తలుపు బయటి నుంచి వేసి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. కోటేశ్వరి రాత్రి అన్నం ముట్టలేదు.

బయట కూర్చుని అనుకున్నాను, రెండు మాటలు తగ్గించి ఉండాల్సింది. వచ్చే వారం ఉత్తరం రాయాలి.

డిసెంబరు 15

చలి అనలేదు.

డిసెంబరు 16

ఇవాళా అనలేదు. గొట్టాలు పని చేస్తున్నాయి.

డిసెంబరు 19

బుగ్గలు నిండాయి. చేతులు కూడా కాస్త నిండుగా కనపడుతున్నాయి. ఇన్నాళ్ళకు ఒళ్ళు చేస్తోందని నసీమున్నీసాతో అన్నాను. ఆమె గడప దగ్గరే ఆగిపోయింది.

"అది వాపన్నా" అంది.

ఏం తెలుసు ఆమెకు. గాజులు బిగుతయ్యాయని కోటేశ్వరి తీయించేసుకుంది. సబ్బు రాసి ఒక్కొక్కటే నేనే తీశాను. ఎరుపు మీద బంగారు చుక్కలున్న మట్టిగాజులు. చీరాల పోయినప్పుడు ఏరి ఏరి కొనుక్కుంది. తగ్గాక వేసుకోవచ్చని గూట్లో పెట్టాను.

డిసెంబరు 23

"కాసేపు కూర్చోవయ్యా" అంది. కూర్చున్నాను. చెయ్యి పట్టుకుంది. ఏవేవో మాట్లాడింది. పెళ్ళయిన కొత్తలో పిల్లలు లేరని మా అమ్మ అన్న మాటలు, ఆ రోజు నేను అమ్మ మీద లేచి అన్నం పళ్ళెం తోసేయడం. "ఆ పూట నువ్వు తినలా. నేను మాత్రం తిన్నా" అని నవ్వింది.

గొట్టం చల్లబడేటప్పుడు టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తుంది. రేకు ముడుచుకునే చప్పుడు అది. ఆ చప్పుడు మొదలైతే నేను కూర్చోలేను. బ్యారన్ దగ్గర అలవాటు, నిద్రలో విన్నా లేచి కూర్చుంటాను. చెయ్యి విడిపించుకుని లేచాను.

"ఆరిపోతే పోనీ, పొయ్యేగా" అంది.

"కాసేపట్లో వస్తాను" అన్నాను. కర్ర పచ్చిది, అంటుకోవడానికి చాలాసేపు పట్టింది. వచ్చేసరికి నిద్రపోయింది.

డిసెంబరు 27

"నాకు చలి లేదయ్యా ఇప్పుడు. మంట ఆపి లోపలికి రా" అంది.

చలి లేదంటే నేను పెట్టిన వేడి సరిపోయినట్టు. సరిపోయినప్పుడే ఆపకూడదు. పొగాకు కాల్చినవాడికి ఆ మాత్రం తెలుసు.

డిసెంబరు 28

మంచు బాగా పడుతోంది. కర్ర నాని ఉంటోంది. ఖాజావలి పాత రేకు తెచ్చి కర్రల మీద కప్పాడు.

డిసెంబరు 30

కిటికీ తియ్యమని మళ్ళీ అడిగింది.

జనవరి 1, 2001

ఎరువుల కొట్టువాడు ఈ ఏడు కొత్త డైరీ ఇవ్వలేదు. నేను ఎరువులు కొంటేగా ఇవ్వడానికి. పాత డైరీలో ఏప్రిల్, మే పేజీలు ఖాళీగా ఉన్నాయి. వాటి మీద తేదీ కొట్టేసి రాస్తున్నాను.

నసీమున్నీసా సేమ్యా పాయసం చేసి తెచ్చింది. కోటేశ్వరి చెంచాడు తిన్నది. అంతకంటే ఎక్కువే తిన్నది.

జనవరి 4

పొయ్యి నివురులో చిలగడదుంప కప్పిపెట్టమని అడిగింది. పెళ్ళయిన మొదటి సీజన్లో నాతో పాటు బ్యారన్ పొయ్యి ముందు కూర్చునేది. మా అమ్మ తిట్టేది, కొత్త కోడలు పొయ్యి దగ్గర కూర్చోవడం ఏందని. నివురులో దుంపలు కాల్చుకుని, వేడివేడిగా చేతులు మార్చుకుంటూ తినేవాళ్ళం. ఆ సీజన్లో ఒక బ్యారన్ ఆకు మాడ్చేశాను. మాటల్లో పడి మంట చూసుకోలేదు. నాన్న చెప్పు తీసుకుని వెంటపడ్డాడు. అప్పటి నుంచి మంట దగ్గర మాటలు పెట్టుకోను.

దుంప కాల్చి, తొక్క తీసి, చిదిమి పెట్టాను. కొంచెం తిన్నది.

"నువ్వు కూడా తిను."

"తర్వాత తింటాలే."

"ఆ కిటికీ తియ్యవయ్యా. నువ్వు అక్కడే కూర్చో, మంట నీ ఇష్టం. నాకు నీ మొహం కనపడితే చాలు."

కిటికీ తీస్తే ఇన్నాళ్ళ కష్టం గాలికి పోతుంది. రాయి ఒకసారి చల్లబడితే మళ్ళీ వేడెక్కడానికి ఒక పూట పడుతుంది. అదంతా చెప్పాను. పండగ పోనీ, చలి వెనక్కి తగ్గుతుంది, అప్పుడు నేనే తీస్తానన్నాను. కావాలంటే ఇంకా పెద్ద కిటికీ పెట్టిస్తానన్నాను.

"పండగ ఎప్పుడు?" అంది.

"ఎంతలోకి, పది రోజులు."

గోడ వైపు తిరిగి పడుకుంది.

జనవరి 7

నిద్ర ఎక్కువైంది. నిద్ర మంచిదే. ఒంటికి బలం.

జనవరి 9

గది వెచ్చగా ఉంది.

జనవరి 10

గది వెచ్చగా ఉంది.

జనవరి 11

కర్ర అయిపోతే బ్యారన్ వెనక ఉన్న పాత వాసాలు కొట్టి వేశాను. గది వెచ్చగా ఉంది.

జనవరి 13

రాస్తాను. రాయకుండా ఎన్నాళ్ళు.

తొమ్మిదో తారీఖు, మంగళవారం తెల్లారేసరికి మంచు ఎంత పడిందంటే పెరట్లో నిలబడితే బ్యారన్ కనపడలేదు. గదిలోకి పోయి చూస్తే మేలుకునే ఉంది. మూతి తడి చేశాను. కళ్ళు చాలా తేటగా ఉన్నాయి. ఎన్నడూ లేనంత తేటగా చూసింది.

"ఇవాళ యాడికీ పోమాక" అంది.

"నేనెక్కడికి పోతాను, ఇక్కడేగా."

"ఇక్కడంటే ఇక్కడ" అని మంచం పట్టె మీద చెయ్యి పెట్టింది.

గొట్టం టిక్కు టిక్కుమంటోంది. "ఒక మొద్దు వేసి వచ్చేస్తా" అన్నాను. ఆమె చేతిని మంచం పట్టె మీదే ఉంచింది.

మొద్దు తడిసి ఉంది. అంటుకోలేదు. పత్తికట్టె వేసి ఊదాను, పొగ తప్ప మంట లేదు. కిరసనాయిలు కోసం వంటింట్లోకి పోయాను. తెచ్చి పోసి మళ్ళీ ఊదాను. అప్పుడు అంటుకుంది. అంటుకున్నాక ఇంకో మొద్దు కూడా వేశాను, మళ్ళీ లేవక్కర్లేకుండా ఆమె దగ్గర చాలాసేపు కూర్చోవచ్చని. ఇది నిజం. ఆ రెండో మొద్దు అందుకే వేశాను.

లోపలికి పోయేసరికి గది ఎంత వెచ్చగా ఉందో. నేను కాల్చిన వాటిల్లో ఇంత బాగా కుదిరిన వేడి లేదు. కోటేశ్వరి కిటికీ ఉన్న గోడ వైపు తిరిగి ఉంది. నిద్రపోతోందనుకున్నాను. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి వెచ్చగానే ఉంది. ఆ గదిలో అన్నీ వెచ్చగానే ఉన్నాయి. అందుకే నాకు తెలియలేదు. ఎండ వచ్చాక నసీమున్నీసా వచ్చి చూసి చెప్పేదాకా నేను ఆ చెయ్యి పట్టుకుని, పండగ తర్వాత పెట్టించే కిటికీ గురించి మాట్లాడుతున్నాను.

మధ్యాహ్నం పొలంలో అంతా అయిపోయింది.

జనవరి 14

అందరూ వద్దంటున్నారు గానీ పొయ్యి ఆపలేదు. ఎందుకంటే చెప్పలేను. ఆపితే గొట్టం టిక్కుమంటుంది.

జనవరి 15

మధ్యాహ్నం కర్ర తెస్తుంటే యలమందయ్య పెరట్లో నీళ్ళ బిందెతో నిలబడి ఉన్నాడు. ఆ రోజు కబురు అంది వచ్చినవాడు ఇంకా వెళ్ళలేదు. నేను పట్టించుకోలేదు గానీ వాడు అన్నం కూడా తినడం లేదట.

"పక్కకి జరుగు బావా."

"పొయ్యి జోలికొస్తే మర్యాద దక్కదు."

"తిట్టు. ఎంత తిడతావో తిట్టు. నువ్వు తిట్టావనే గదా నెల రోజుల నుంచి అక్క దగ్గరికి రాలా" అన్నాడు. బిందెడు నీళ్ళూ పొయ్యిలో కుమ్మరించాడు. ఇటుకలు పెటపెటమని పగిలాయి. బూడిద ఎగిరి ఇద్దరి మొహాల మీదా పడింది. వాడు బిందె వదిలేసి నన్ను పట్టుకున్నాడు. ఇద్దరం అక్కడే కూలబడి ఏడ్చాం. వాడికి రాయాల్సిన ఉత్తరం నేను రాయనే లేదు.

సాయంత్రం గదిలోకి పోయి రాళ్ళ మీద చెయ్యి పెట్టాను. ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

జనవరి 16

చల్లబడ్డాయి.

జనవరి 20

నిన్న పెద్దకర్మ అయింది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. నసీమున్నీసా అన్నం తెచ్చి పెట్టి, తినేదాకా కదల్లేదు.

"అన్నా, నిన్నొకటి అడగనా? డిసెంబరు మధ్య నుంచీ వదిన నాతో ఒక్కసారి కూడా చలి అనలేదు. నీతో అన్నదా?"

చేతిలో ముద్ద మళ్ళీ పళ్ళెంలో పెట్టాను.

"వేడికి తట్టుకోలేకపోతున్నావు, అన్నతో చెప్పనా వదినా అంటే వద్దనేది. ఈ యేడు పంటా లేదు, పనీ లేదు, ఆయన చేతులు ఖాళీగా ఉంటే నేను చూళ్ళేను, కాల్చుకోనీలే అనేది. గోడే అడ్డం నసీమూ, గోడ లేకపోతే ఎంత బాగుండు అనేది."

"మరి నాతో గట్టిగా చెప్పొచ్చుగా" అన్నాను.

నసీమున్నీసా నా వైపు చూసింది. "చెప్పలేదా అన్నా?" అంది.

డిసెంబరు 9, 2001

డైరీ అటక మీద హీటరు పక్కన దొరికింది. నేనే పడేసి ఉంటాను.

ఈ ఏడు పొగాకు వేసుకోమన్నారు. వేశాను. ఆకు మోకాలెత్తు దాటింది. పండగ వెళ్ళగానే బ్యారన్ కాల్చాలి. కొత్త గొట్టాలు కొంటానంటే ఖాజావలి ఒప్పుకోలేదు. మంచి గొట్టాలు ఇంట్లో పెట్టుకుని కొత్తవి దేనికన్నాడు. అతనికి తెలుసు, నేను ఏడాది నుంచీ ఆ గది తలుపు తీయలేదని. చావిట్లోనే పడుకుంటున్నానని.

డిసెంబరు 11

ఖాజావలి పొద్దున్నే వచ్చాడు. ఇద్దరం గొట్టాలు విప్పాం. రాళ్ళన్నీ పెరట్లోకి మోసాం. గోనె కప్పు విప్పితే పెంకుల సందుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా నేల మీద పడింది. గూట్లో గాజులు అలాగే ఉన్నాయి. ఖాజావలి చూసి మొహం తిప్పుకున్నాడు.

ఆఖరి గొట్టం బయటికి లాగాలంటే కిటికీ కింద కంత వెడల్పు చేయాలి. గునపం వేయగానే పైన మెత్తిన మట్టి పెళ్ళలుగా రాలింది. ఒక ఇటుక కదిలింది. నేను గునపం కింద పెట్టి ఇటుకలు ఒక్కొక్కటే చేత్తో తీశాను. వెనక రెక్కలు బిగుసుకుపోయి ఉన్నాయి. ఖాజావలి అవతల నుంచి లాగితే తెరుచుకున్నాయి.

అతను గొట్టం భుజాన వేసుకుని బ్యారన్‌కు వెళ్ళాక నేను ఆమె మంచం మీద పడుకున్నాను. ఆమె పడుకున్నట్టే, గోడ వైపు తిరిగి.

పగిలిన పొయ్యి కనపడింది. దాని ముందు నేను కూర్చున్న వేపమొద్దు కనపడింది. పడుకున్న చోటి నుంచి చెయ్యి చాపితే ఆ మొద్దు మీద కూర్చున్న మనిషి భుజం అందుతుంది. నిజంగానే చాపి చూశాను. నెలంతా నేను కూర్చున్నది అక్కడ. ఆమె పడుకున్నది ఇక్కడ. ఇంత దగ్గర ఉన్నామని నాకు తెలియదు. మధ్యలో నేను పెట్టిన ఇటుకలు తప్ప ఏమీ లేవు.

ఖాజావలి తిరిగొచ్చి కిటికీలోంచి తొంగి చూశాడు. నేను లేవలేదు. ఆ మొద్దు మీదే కూర్చుని బీడీ వెలిగించాడు.

"రెక్కలు పాడైపోయినయ్యి బుల్లయ్యన్నా. ఒంగోలు నుంచి కొత్తవి తెచ్చి బిగించనా? చలికాలం గదా."

"వద్దులే" అన్నాను.

చావిట్లోంచి పక్క తెచ్చి ఆ మంచం మీదే వేసుకున్నాను. మంచు పడుతోంది, గాలి నేరుగా మొహానికి కొడుతోంది. చలిగానే ఉంది. కిటికీ తీసే పడుకుంటాను.